మెడలో పొట్టి దారం

తాళాల కొట్టు,
సదస్సు నుంచి వచ్చిన వారం

ఒరేయ్ పరుపూ,

క్షేమసమాచారాలు తర్వాత. ముందు ఆ బ్యాడ్జీ దారం సంగతి తేలాలి. మెడలో వేసుకోమని ఇచ్చారు చూడు, ఆ దారం ఎంత పొట్టిదంటే నా తలకాయ దూరనే లేదు. ముక్కు దగ్గర ఇరుక్కుంది. లాగితే చెవులు మడతపడ్డాయి. మెడ చుట్టూ ఎర్రగా గీత పడి ఇప్పటికీ మండుతోంది. మా మనవరాలు మందు రాస్తూ, "ఏం తాతా, ఉరి తీస్తూ మధ్యలో వదిలేశారా" అంది. అంత పెద్ద హాలు తీసుకున్నవాళ్లకి జానెడు దారం దగ్గర పిసినారితనమేంట్రా?

ఫోన్ చేసి సణుక్కోవచ్చు కదా అంటుంది ఆ పిల్లే. ఫిరంగి పక్కన నిలబడి ఎడమ చెవి పోగొట్టుకున్నవాడికి ఫోనెందుకు? కుడి చెవికి పెట్టుకుంటే నువ్వు డబ్బాలో గులకరాళ్లు ఆడిస్తున్నట్టు వినిపిస్తావు. అందుకే ఉత్తరం. ఐదో క్లాసులో ఆగిపోయిన చెయ్యి ఇది, తప్పులు నువ్వే దిద్దుకుని చదువుకో.

ఏమాటకామాటే, ఆ సదస్సు నాకు నచ్చింది. తుపాకీ దించి కొట్టు పెట్టుకున్న ముసలాళ్లందర్నీ ఒక హాల్లో పోసి నెట్‌వర్కింగ్ చేసుకోండి అన్నారు. తీరా చూస్తే ఏముంది, గంట కొట్టినప్పుడల్లా లేచి ఇంకో కుర్చీలో కూర్చోవడం, నువ్వేం చేస్తావంటే నువ్వేం చేస్తావనుకోవడం. నేనయితే ఎటు తిరిగీ బేకరీ వాడి ఎదురుకే వచ్చి కూర్చున్నాను. వాడు శాంపిలు బిస్కెట్లు తెచ్చాడు. చివరికి వాడు డబ్బా మూసి దానిమీద మోచెయ్యి పెట్టుకున్నాడు. మనవరాలు వేయించిన కార్డులన్నీ టీ పోసేవాడికిచ్చేశాను. ఆ హాలు మొత్తంలో నిజంగా తాళం పాడైనవాడు వాడొక్కడే.

నువ్వో? నిన్ను చూస్తే నాకు ఒళ్లు మండింది. ఎవరొచ్చి అడిగినా "పరుపులు కుడతాను" అని, ఇంక అంతే, నోటికి కూడా కుట్టు వేసుకున్నావు. భోజనం కాగానే బయట సోఫాలో వాలి గురక. మన పటాలంలో ఫిరంగులు పేలడం నీ గురక వినే నేర్చుకున్నాయని నా అనుమానం.

సరేగానీ, ఆ నర్సింగ్ హాస్టళ్లకి సామాను కొనే ఆవిడ దగ్గర్నుంచి నీకేమైనా కబురొచ్చిందా? ఊరికే అడుగుతున్నాను.

నీ తాళం


పరుపుల షాపు, పై గది

తాళానికి,

ఉత్తరం చేరింది. మెడ మంట తగ్గిందని తలుస్తాను.

ఒక సవరణ. పొట్టి దారం నాది, నీది కాదు. అందరి దారాలూ బొడ్డు దాకా వేలాడుతున్నాయని, కంచంలో పడుతుందని, భోజనానికి ముందే నాది నేను మడిచి కుట్టుకున్నాను. జేబులో సూది ఎప్పుడూ ఉంటుంది కదా. నీది బొడ్డు దాకానే ఉంది. టీ కప్పులో మునిగితే నువ్వు దాన్ని పిండుకుని తాగావు కూడా.

కబురొచ్చింది. నిజానికి అది చెప్పాలనే కూర్చున్నాను. ఆవిడ ఆఫీసు నుంచి ఒక మనిషి వచ్చాడు. కొత్త హాస్టల్లో అన్ని గదులకీ పరుపులు మనవే కావాలన్నారట. అమ్మాయి ముఖంలో నవ్వు చూసి ఎన్నాళ్లయిందో. యంత్రం పరుపులొచ్చాక మా షాపులోకి జనం ఎండ తప్పించుకోవడానికే వస్తున్నారు. ఈ ఏడు చూసి మూసేద్దామని తండ్రీకూతుళ్లం అనుకున్నాం, నీకు చెప్పలేదు. ఈ ఆర్డరు బాగా పోతే ఇక మూసే మాట లేదు.

వింత ఏమిటంటే, వచ్చిన మనిషి, "మీరు మేడమ్‌కిచ్చిన మాట మర్చిపోకండి సార్" అన్నాడు. ఏం మాట అంటే, ప్రతి పరుపు మీదా నేను స్వయంగా పడుకుని, ఒక కునుకు తీసి, బాగుందనిపిస్తేనే పంపిస్తానని చెప్పానట. ఆవిడకి అది తెగ నచ్చిందట, హాస్టల్ పిల్లలకి కూడా చెప్పేసిందట. నేనెప్పుడన్నానో నాకు గుర్తు రావడం లేదు. ఆవిడ కార్డు మాత్రం నా చొక్కా జేబులో ఉంది. నెట్‌వర్కింగ్ అంటే నిద్రమత్తులో మాట్లాడటమేమో.

ఇచ్చిన మాట ఇచ్చాక తప్పుతుందా. నిన్నటి నుంచి పడుకుంటున్నాను. పగటిపూట నిద్ర పట్టడం ఎంత కష్టమో కొత్తగా తెలుస్తోంది.

నీ పరుపు


తాళాల కొట్టు

ఒరేయ్ కుంభకర్ణా,

నీ ఉత్తరం చదివి టీ ముక్కులోంచి వచ్చింది. పడుకుంటున్నావా? నిజంగానే? ఒక్కొక్కదాని మీదా? నువ్వు కళ్లు మూసుకుని నిద్రకోసం ఎదురుచూస్తుంటే మీ అమ్మాయి స్టూలేసుకుని గురక వస్తోందో లేదో చూస్తూ ఉంటుందా?

అంత నిజాయితీ ఎవడడిగాడ్రా. ఒకసారి ఒళ్లు ఆనించి లేచి, కునుకు అయిపోయిందని చెప్పు. పరుపు వెళ్లి నీమీద సాక్ష్యం చెప్పదు. ముసలి నడుముని ఆ దిగడం ఎక్కడంతో చంపకు.

ఆర్డరు నీకు రావడం మాత్రం నాకు ఎంత సంతోషమో చెప్పలేను. నీ పనికి అది తక్కువే. మూసేద్దామనుకున్నావని నాకెందుకు చెప్పలేదు? కుక్కలా తిరిగి నేనే పది మందికి చెప్పేవాణ్ణి కదా.

ఇక దారం. పొట్టిది నాదే. నా మెడ మీద గీత ఉంది, నీ మెడ మీద ఉందా? నువ్వు ముసలాడివైపోతున్నావు, నాదీ నీదీ కలిపేసుకుంటున్నావు. టీలో మునిగింది ఎవరిదో బేకరీ వాడిదై ఉంటుంది.

నీ తాళం


పరుపుల షాపు, పై గది

తాళానికి,

నువ్వు నవ్వుతావని తెలిసీ రాస్తున్నాను. ఈసారి నవ్వకు.

ఆ రోజుని నేను చాలాసార్లు మొదట్నుంచి తలుచుకున్నాను. బస్సు దిగాం. నువ్వు రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర ఉన్న అమ్మాయిని పెన్నులు రెండడిగి తీసుకున్నావు. పొద్దున కుర్చీలు మారడం, మధ్యాహ్నం భోజనం, నేను సోఫాలో కూర్చోవడం, గోడమీద ఫ్యాను తల తిప్పుతూ ఉండటం. తర్వాత కళ్లు తెరిచేసరికి నువ్వు నా పక్కన కూర్చుని బిస్కెట్ తింటున్నావు. మధ్యలో ఏమీ లేదు. గుడ్డలోంచి ముక్క కత్తిరించి తీసేసినట్టు లేదు.

కానీ ఆ ముక్కలోనే నేను లేచి, లోపలికి వెళ్లి, ఒక పెద్దావిడ ఎదురుగా కూర్చుని మాట్లాడి, మాటిచ్చి, కార్డు జేబులో పెట్టుకుని, తిరిగొచ్చి పడుకున్నాను. ఏం మాట్లాడానో ఆ మనిషి ఇంకా చెప్పాడు. "మీ జోకులకి మేడమ్ కళ్లు తుడుచుకున్నారు సార్" అన్నాడు. నేను జోకులేశానట. తాళం, నేను జోకు వెయ్యడం నువ్వెప్పుడైనా విన్నావా?

మా అన్నయ్య సంగతి నీకు తెలుసు. మొదట చేసిన పనులే చేయలేదనేవాడు. మేమందరం నవ్వేవాళ్లం. చివరికి వదినని పట్టుకుని, "మీరెవరండీ, మా ఆవిడ లేనప్పుడు వచ్చారు" అన్నాడు. ఇల్లు దాటి వెళ్లిపోతే ఎక్కడెక్కడో వెతికి తెచ్చుకునేవాళ్లం. మా నాన్నకీ అదే అయిందంటారు.

మొన్న కత్తెర కనపడలేదు. వెతికి వెతికి అలిసిపోయి పరుపు మీద కునుకు తీద్దామని వాలితే వీపుకి గుచ్చుకుంది. లోపల పెట్టి కుట్టేశాను. నీ దారం సంగతి కూడా చూడు. టీలో మునగడం, నువ్వు పిండుకోవడం నాకు కళ్లకి కట్టినట్టుంది. కానీ గీత నీ మెడ మీదుంది. అంటే నేను చూసినదాన్ని కూడా నమ్మడానికి లేదు.

అమ్మాయికి ఇంకా చెప్పలేదు. నిన్నొక్కటే అడుగుతాను. ఆ మధ్యాహ్నమంతా నువ్వు అక్కడే ఉన్నావు. నేను లోపలికి వెళ్లడం చూశావా?

పరుపు


తాళాల కొట్టు

ఒరేయ్ పరుపూ,

నువ్వు మరీ భయపడుతున్నావు. కత్తెర పరుపులో పెట్టి కుట్టడం కూడా ఒక జబ్బేనా? నేను మొన్న కళ్లజోడు పెట్టుకునే కళ్లజోడు వెతికాను. మనవరాలు అద్దం తెచ్చి చూపించింది.

నీ బుర్ర ఎలా ఉందో నేను తేలుస్తాను. చెప్పు. సార్జంటు బూట్లలో నీళ్లు పోసిందెవరు? మన గుడారంలోకి మేక దూరిన రోజు అది ఎవరి చొక్కా తింది? పొద్దున్నే హాజరు పిలిచేటప్పుడు నువ్వు లేవకపోతే నీ బదులు ఎవడు పలికేవాడు? జవాబులు రాసి పంపు. మార్కులు నేను వేస్తాను.

ఇక నువ్వడిగింది. చూశాను. నువ్వు లేచి వెళ్లావు, శుభ్రంగా మాట్లాడావు, వచ్చి పడుకున్నావు. అంత బాగా మాట్లాడినవాడికి బుర్రకేమవుతుంది? భోజనం బరువుకి అలా మత్తుగా ఉంటుంది అందరికీ. దాని గురించి ఆలోచించకు. ఆర్డరు మీద దృష్టి పెట్టు.

రమ్మంటావేమో. వచ్చేవాణ్ణే, మోకాలు బాగా లేదు.

నీ తాళం


పరుపుల షాపు, పై గది
వానలు మొదలయ్యాయి

తాళానికి,

నీ ప్రశ్నలకి జవాబులు.

బూట్లలో నీళ్లు పోసింది నువ్వు. నేరం నామీద వేసుకుంది నేను. మేక తిన్నది చొక్కా కాదు, నీ సెలవు చీటీ, సగం. మిగతా సగం పట్టుకెళ్లి సార్జంటుకి చూపించి సగం సెలవైనా ఇమ్మన్నావు. హాజరు పిలిచినప్పుడు నా బదులు పలికేది నువ్వే, గొంతు మార్చి. ఒకసారి నేను లేచి వచ్చి నీ పక్కనే నిలబడి ఉన్నా అలవాటుకొద్దీ నా పేరుకి కూడా పలికావు. ఇద్దర్నీ మైదానం చుట్టూ పరుగెత్తించారు. సార్జంటుకి ఆ రోజు జలుబు చేసింది, ముక్కు చీదుకుంటూ తిట్టాడు.

చూశావా, అన్నీ ఉన్నాయి. సంతోషించకు. అన్నయ్యకీ చిన్నప్పటివన్నీ చివరి దాకా ఉన్నాయి. పోయేది నిన్నటివే.

నువ్వు చూశానని రాసేదాకా నాకు ఒక మూల ఆశ ఉండేది. ఎక్కడో ఏదో పొరపాటు జరిగిందని, ఆవిడ ఇంకెవరినో చూసి నేననుకుందని. నువ్వు అందరితో పరాచికాలాడతావు గానీ ఇలాంటి విషయంలో నాతో అబద్ధమాడవు. కాబట్టి ఇక సందేహం లేదు. ఒక విధంగా తేలిగ్గా ఉంది.

అమ్మాయికి చెప్పాను. కాసేపు ఏడ్చి, తర్వాత మామూలుగా దూది ఏకుతూ కూర్చుంది. ఈ ఆర్డరు పూర్తి చేసి పని ఆపేస్తాను. కొలతలు ఇప్పటికే తననే తీయమంటున్నాను, నా టేపు మీద నాకు నమ్మకం పోయింది. తనొక్కతే షాపు నడపలేదు. కింది గది ఎవరికైనా అద్దెకిచ్చేస్తాం.

నీతో ఒక పని పడింది. మా వీధి తలుపుకి ఒక తాళం కావాలి. లోపలివైపు నుంచి నేను తీయలేనిది, అమ్మాయి మాత్రం తీయగలిగేది. అలాగే స్నానాలగదికి, నేను లోపల గడియ వేసుకున్నా బయట నుంచి తీసుకునేలా ఏదైనా. ఇప్పుడే అవసరమని కాదు. అన్నయ్యకి మేం ఆలస్యంగా పెట్టాం. నాకు బుర్ర బాగున్నప్పుడే, నా ఎదురుగానే అవి బిగిస్తే మంచిది. బజార్లో దొరుకుతాయి. కానీ నన్ను లోపల పెట్టే తాళం నీ చేత్తో చేసిందయితే నాకు అంత కష్టంగా ఉండదనిపించింది.

మోకాలు కుదుటపడ్డాకే రా.

పరుపు


తాళాల కొట్టు

ఒరేయ్,

తాళం ఇప్పుడే కాదు. ఆకురాయి అరిగిపోయింది. కొత్తది తెప్పించాలి.

మనవరాలు నాతో మాట్లాడటం లేదు. అన్నం పెట్టి వెళ్లిపోతోంది. నీ ఉత్తరం దానిచేత చదివించుకున్నాను, కళ్లు మసకగా ఉన్నాయని. చదివి, మడిచి, నా చేతిలో పెట్టి లేచిపోయింది.

కింది గది అప్పుడే ఎవరికీ ఇవ్వకు. అడ్వాన్సు పుచ్చుకోకు. దేనికని అడగకు.

తాళం


పరుపుల షాపు, పై గది

తాళానికి,

ఆకురాయి కోసం ఇంత ఆలస్యం నువ్వెప్పుడూ చేయలేదు. నీకు చేయాలని లేదని అర్థమైంది. తప్పు పట్టను. నేనే అయితే నీకు అలాంటి పరుపు కుట్టలేను.

కింది గదికి ఒకతను వచ్చి చూసుకున్నాడు. ఫోన్ కవర్లు అమ్ముతాడట. వచ్చే వారం మాట ఖాయం చేసుకోవడానికి వస్తాడు. చివరి విడత పరుపులు కూడా ఆ వారమే వెళ్తాయి. పడుకోవాల్సినవి ఇంకా కొన్ని ఉన్నాయి. ఇప్పుడు నిద్ర బాగానే పడుతోంది. లేచాక మాత్రం కాసేపు ఏ పరుపు మీదున్నానో, ఏ పూటో తెలియదు. అమ్మాయి పక్కనే కూర్చుని ఉంటుంది, కళ్లు తెరవగానే తన పేరు అడుగుతుంది. చెప్పగానే లేచి వెళ్లి దూది ఏకుతుంది. ఎందుకడుగుతోందో నాకు తెలియదనుకుంటుంది.

బజారు తాళం తెప్పించుకుంటాం. నువ్వు ఇబ్బంది పడకు.

పరుపు


మీ షాపు కింద, మెట్ల దగ్గర

ఒరేయ్ పరుపూ,

ఈ ఉత్తరం పోస్టులో వెయ్యలేదు. మా మనవరాలి చేతికిచ్చి పైకి పంపిస్తున్నాను. చదవడం అయ్యేదాకా నేను కిందే ఉంటాను. ఎవరు పడుకోవాల్సిన పరుపో తెలియదు, మెట్ల పక్కన ఆనించి ఉంది, దాని అంచు మీద కూర్చుని రాస్తున్నాను. కుట్టు ముట్టుకుంటే తెలుస్తోంది, ఇది నువ్వు కుట్టిందే. కొలత ఎవరు తీస్తే ఏం.

తాళం తేలేదు. చెయ్యలేదు. మోకాలికి ఏమీ కాలేదు, ఆకురాయి కూడా కొత్తదే. ఒప్పుకున్న పని చేయకపోవడం ఇదే మొదలు. బిగించాక దాని చప్పుడు ఎలా ఉంటుందో నాకు ముందే వినపడింది, అదీ చెవిటి చెవిలో.

నీ బుర్రకి ఏమీ కాలేదు. ఆ గుడ్డలో ముక్క ఎవరూ కత్తిరించలేదు. నువ్వు ఆ మధ్యాహ్నమంతా నిద్రపోయావు. సోఫాలోంచి కదల్లేదు.

కదిలింది నేను.

భోజనాలయ్యాక తెర వెనక కొనేవాళ్ల బల్లలు వేశారు, ఒక్కొక్కర్నీ పేరు పెట్టి పిలిచేవాళ్లు. పిలిచినప్పుడు లేకపోతే వంతు తర్వాతవాడికి పోతుంది. హాస్టల్ ఆవిడ దగ్గరికి నీ పేరు పిలిచారు. నువ్వేమో సోఫాలో. నా నోరు దానంతటదే "హాజరు" అంది. ఇక్కడిదాకా అలవాటు, దీనికి నన్ను ఏమీ అనకు. ఆ తర్వాతదంతా తెలిసి చేసిందే. వస్తున్నానని చెప్పి బయటికొచ్చి, నిన్ను లేపొచ్చు కదా, లేపలేదు. నిద్రపోతున్న నీ మెడలోంచి బ్యాడ్జీ తీశాను. నీ తల చిన్నది కాబట్టి సుళువుగా వచ్చింది. నేను తగిలించుకుని లోపలికెళ్లి, నువ్వైపోయి కూర్చున్నాను.

నీ నడక నడిచాను, నీలా గొంతు సవరించుకున్నాను. కాసేపటికి నీలా ఉండటం బోరు కొట్టి నాలాగే వాగాను. కునుకు మాట అక్కడే పుట్టింది. ఆవిడ ఎంత నవ్విందంటే నేను ఇంకా రెచ్చిపోయాను. నీ గురించి కూడా చెప్పాను. చలిలో మేమంతా వణుకుతుంటే ఒకడు పాత గుడారాలు విప్పి దూది దొరక్క ఎండుగడ్డి కూరి ఒక్కొక్కరికీ పరుపు కుట్టాడని, తనకి మాత్రం మిగల్లేదని. ఆ ఒకడు నేనే అని చెప్పుకోవాల్సి వచ్చింది, బ్యాడ్జీ నీది కదా. నువ్వయితే చచ్చినా చెప్పేవాడివి కాదు. కార్డు నీ జేబులో పెట్టి, బ్యాడ్జీ నీ మెడలో వేసి, పక్కన కూర్చుని బిస్కెట్ తిన్నాను. నువ్వు లేవగానే చెప్పి నవ్విద్దామనుకున్నాను.

లేచావు, బస్సు టైమైంది, చెప్పలేదు. ఆర్డరు వచ్చాక చెబితే నువ్వు వెనక్కి ఇచ్చేస్తావని భయపడ్డాను, నువ్వు అంత పనీ చేస్తావు. పడుకుంటున్నావని రాస్తే పడీపడీ నవ్వాను, మనవరాలికి చెప్పి దాన్నీ నవ్వించాను. మీ అన్నయ్య మాట వచ్చిన ఉత్తరం చదివాక నవ్వడం మానేశాను. అప్పుడే నిజం చెప్పొచ్చు, చెప్పలేదు. నువ్వు సూటిగా అడిగావు, చూశావా అని. చూశానని రాశాను. నిన్ను ఊరడిద్దామనుకున్నానని నాకు నేను చెప్పుకున్నాను. కాదు. దొరికిపోతానని భయపడి అలా రాశాను. నువ్వేమో నేను అబద్ధమాడనని నమ్మి, నీ కళ్లని నమ్మడం మానేశావు. నీ కళ్లకన్నా నన్ను ఎక్కువ నమ్మే వెధవని ఇంకొకణ్ణి నేను చూడలేదు.

హాస్టల్ ఆవిడ దగ్గరికి ముందే వెళ్లొచ్చాను. మనవరాలు చెయ్యి పట్టుకుని తీసుకెళ్లింది, దారిలో పారిపోతానని కాబోలు. మొత్తం చెప్పాను. పరాయివాళ్లకి చెప్పడం తేలికే, నీకు ముందు చెప్పాల్సింది ఆవిడకి చెప్పాను చూడు, అది కూడా తప్పే. ఆవిడ అంతా విన్న తర్వాత, "మాట్లాడినాయన నాకక్కర్లేదండీ, కుట్టినాయన కావాలి" అంది. మొదటి విడత పరుపుల మీద పిల్లలు పొద్దున లేవడం లేదట. ఇంకో హాస్టల్‌కి కూడా నిన్నే అడగమంది. కునుకు అక్కర్లేదంది. మాటంటే మాటే, తీయాల్సిందే అని నువ్వంటే మాత్రం ఆ కునుకు నేను తీస్తాను, మీ షాపులో కిందా పైనా ఉన్న పరుపులన్నిటి మీదా.

ఫోన్ కవర్ల అతను రాకముందే అందాలని పొద్దున్న బస్సుకి వచ్చాం. ఆ గది ఇవ్వకురా. మీ అమ్మాయికి ముందు నువ్వే చెప్పు. ఆమె ముఖం చూసే ధైర్యం నాకు ఇప్పుడు లేదు. ఇక కళ్లు తెరవగానే నిన్ను పేరు అడగనక్కర్లేదని చెప్పు.

చదివాక దిగిరా. రాకపోయినా సరే, పొద్దుపోయేదాకా ఇక్కడే ఉంటాను. తిట్టడానికి వస్తే నా కుడివైపు నిలబడు. ఎడమవైపు నిలబడితే నాకు సుఖంగా ఉంటుంది, అలా కానివ్వకు.

దారం సంగతి ఒకటి మిగిలింది. నువ్వు చూసింది చూసినట్టే గుర్తుంది, ఒక్క పోగు కూడా తప్పు లేదు. నాది బొడ్డు దాకానే ఉంది. టీలో మునిగిన మాట నిజం, పిండుకుని తాగిన మాటా నిజం. నా మెడ కోసుకుపోయిందని సణిగాను చూడు, ఆ పొట్టి దారం నీదిరా.